మాట అదే, అర్థం వేరు: 1611 నాటి ఇంగ్లీషు బైబిలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవారు ఎలాగూ చాలామంది ఉంటారు కనుక నేను చరిత్రలోంచి ఒక విషయం ఎంచుకున్నాను. వృత్తికి సివిల్ ఇంజనీరునే అయినా మాటల చరిత్ర చదవడం నాకు పాత అలవాటు. ఈ వ్యాసం మతం గురించి కాదు. భాష నాలుగు వందల ఏళ్లపాటు మారుతూ పోతే, మారకుండా ఉండిపోయిన ఒక గొప్ప పుస్తకం పాఠకుడికి ఎలా అందుతుందన్నదే ఇందులోని విషయం. ఆ పుస్తకం కింగ్ జేమ్స్ బైబిలు.

అనువాదం వెనుక కథ

ఇంగ్లీషులో బైబిలు చదవాలంటే ఒకప్పుడు ప్రాణం మీదికి వచ్చేది. విలియం టిండేల్ అనే పండితుడు గ్రీకు మూలం నుంచి కొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇంగ్లండులో అనుమతి దొరకక 1526లో జర్మనీలోని వర్మ్స్ పట్టణంలో అచ్చువేయించాడు. పొలం దున్నే కుర్రాడికి కూడా లేఖనాలు అర్థం కావాలన్నది అతని పట్టుదల. చివరికి 1536లో బ్రసెల్స్ దగ్గర అతనికి మరణశిక్ష అమలు చేశారు.

ఆ తర్వాత రోజులు మారాయి. 1604 జనవరిలో హాంప్టన్ కోర్టు సమావేశంలో కొత్త అనువాదానికి జేమ్స్ రాజు ఒప్పుకున్నాడు. సుమారు 47 మంది పండితులు వెస్ట్‌మినిస్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆరు బృందాలుగా పనిచేశారు. 1611లో పుస్తకం వెలువడింది. వారు మొదటి నుంచీ కొత్తగా రాయలేదు. 1568 నాటి బిషప్స్ బైబిలును ముందు పెట్టుకుని, పాత అనువాదాలన్నీ చూస్తూ సరిదిద్దారు. కొత్త నిబంధనలో చాలా భాగం టిండేల్ మాటలే. అంటే, అచ్చయిన నాటికే ఆ ఇంగ్లీషుకు సుమారు ఎనభై ఏళ్ల వయసు ఉంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇవాళ కొట్లో దొరికే కింగ్ జేమ్స్ బైబిలు అక్షరాలా 1611 నాటిది కాదు. 1769లో ఆక్స్‌ఫర్డ్‌లో బెంజమిన్ బ్లేనీ స్పెల్లింగులు, విరామ చిహ్నాలు సవరించి వేసిన ప్రతికి ఇది వారసురాలు. స్పెల్లింగులు కొత్తవయ్యాయి, మాటలు మాత్రం పాతవే. అందువల్ల పుట చూడగానే మనకు తెలిసిన ఇంగ్లీషే అనిపిస్తుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

తెలియని మాట, తెలిసిన మాట

పాత పుస్తకం కష్టమంటే తెలియని మాటలుంటాయని అనుకుంటాం. అవి పెద్ద సమస్య కాదు. తెలియని మాట కనబడితే ఆగుతాం, నిఘంటువు తీస్తాం. బాగా తెలిసిన మాట అయితే ఎక్కడా ఆగకుండా ముందుకు పోతాం. పనిచేయని మీటరును ఎవరూ నమ్మరు. తప్పు అంకె చూపే మీటరును మాత్రం అందరూ నమ్ముతారు.

'లెట్' అనే మాట తీసుకోండి. ఇవాళ దానికి 'అనుమతించు' అని అర్థం. 1611లో 'అడ్డగించు' అనే అర్థం కూడా ఉండేది. పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు క్రియలు. కాలక్రమంలో ఉచ్చారణ ఒకటైపోయింది. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో దుష్టశక్తిని ఒకరు అడ్డగిస్తున్నారని చెప్పేచోట కింగ్ జేమ్స్ బైబిలులో ఉన్నది ఈ మాటే. ఇవాళ్టి అర్థంతో చదివితే, అడ్డుకునేవాడే దారి వదులుతున్నట్టు తోస్తుంది. భావం పూర్తిగా తలకిందులవుతుంది. ఈ పాత అర్థం ఇంకా ఎక్కడ బతికి ఉందో తెలియాలంటే మీ పాస్‌పోర్టు తెరవండి. దాన్ని తెచ్చినవారిని 'లెట్ ఆర్ హిండ్రెన్స్' లేకుండా పోనివ్వమని రాష్ట్రపతి పేరుమీద ఒక అభ్యర్థన ఉంటుంది. విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులందరూ ఆ మాటను ఏళ్ల తరబడి బ్యాగులో మోస్తూనే ఉన్నారు.

'ప్రివెంట్' కూడా అంతే. లాటిన్‌లో దాని అసలు అర్థం 'ముందు వెళ్లడం'. బతికి ఉన్నవారు, చనిపోయినవారి కంటే ముందుగా ప్రభువు దగ్గరికి చేరరు అని పౌలు రాసినచోట ఈ మాట వాడారు. ఇప్పటి పాఠకుడికి అక్కడ ఎవరో ఎవరినో ఆపుతున్నట్టు అనిపిస్తుంది. 'సఫర్' అంటే అప్పట్లో 'రానివ్వు, చేయనివ్వు' అని. పిల్లలను నా దగ్గరికి రానివ్వండి అని యేసు చెప్పే ప్రసిద్ధమైన మాటలో ఇదే ఉంది. తెలియనివారికి అందులో పిల్లల బాధ వినిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది 'కాన్వర్సేషన్'. ఇవాళ అది సంభాషణ. అప్పట్లో దాని అర్థం నడవడి. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, విశ్వాసం లేని భర్తలను భార్యలు మాటల అవసరం లేకుండానే తమ నడవడితో మార్చవచ్చని ఉంది. నడవడి ఉన్నచోట కింగ్ జేమ్స్ బైబిలులో ఉన్నది 'కాన్వర్సేషన్'. నేటి అర్థంతో చదివితే, మాట్లాడకుండా సంభాషణతో మార్చమన్నట్టు అవుతుంది. మన తెలుగు బైబిలులో 'నడవడి' అనే మాటే ఉంది కనుక తెలుగువారికి ఈ ఇబ్బంది రాలేదు.

'మీట్' అంటే అప్పట్లో ఏ ఆహారమైనా సరే. లేవీయకాండం రెండో అధ్యాయంలో 'మీట్ ఆఫరింగ్' అని ఒక అర్పణ ఉంది. అందులో ఉండేవి పిండి, నూనె, సాంబ్రాణి. మాంసం ఊసే లేదు. తెలుగులో దాన్ని 'నైవేద్యం' అన్నారు. యోసేపు కథలో ఈజిప్టులో నిల్వచేసిన 'కార్న్' కూడా మొక్కజొన్న కాదు, ధాన్యం. మొక్కజొన్న అమెరికా ఖండాల పంట. కొలంబస్ ప్రయాణాల తర్వాతే మిగతా ప్రపంచానికి చేరింది.

'చారిటీ' కథ ఇంకా పెద్దది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం ప్రేమను గురించినది. టిండేల్ అక్కడ 'లవ్' అని రాశాడు. దాని మీద థామస్ మోర్ పెద్ద వాదమే చేశాడు. కింగ్ జేమ్స్ పండితులు 'చారిటీ' వైపే మొగ్గారు. అప్పట్లో ఆ మాటకు దైవప్రేమ, సాటి మనిషి మీద ప్రేమ అనే విస్తారమైన అర్థం ఉండేది. తర్వాత అది దానధర్మాలకు కుదించుకుపోయింది. ఆస్తి అంతా బీదలకు పంచినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని అదే అధ్యాయం చెబుతుంది. 'చారిటీ'ని దానం అని చదివేవాడికి, అంతా దానం చేసినా దానం లేకపోతే ప్రయోజనం లేదన్నట్టు కనబడుతుంది.

ఇవి ఏదో ఒకటి తేడాగా ఉందని కాస్త ఆలోచిస్తే పట్టుబడే మాటలు. అస్సలు పట్టుబడనివీ ఉన్నాయి. ఏలీయా ప్రవక్త ప్రజలను, రెండు అభిప్రాయాల మధ్య ఎన్నాళ్లని అడిగే సందర్భంలో 'హాల్ట్' అనే మాట ఉంది. రైల్వే హాల్ట్ తెలిసిన మనం దాన్ని 'ఆగడం' అనుకుంటాం. వాక్యం కూడా చక్కగా అతుకుతుంది. కానీ అక్కడ దాని అర్థం కుంటడం. తెలుగు అనువాదకులు 'తడబడు' అన్నారు. ఆగి నిలబడినవాడు వేరు, ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద తూలేవాడు వేరు. ప్రవక్త ఎత్తిపొడుపు అంతా ఆ తేడాలోనే ఉంది.

1952లో వెలువడిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ ముందుమాటలో, ఇలా అర్థం బాగా మారిపోయిన మాటలు 300కు పైగా ఉన్నాయని దాని సంపాదకులు చెప్పారు. అంతకుముందే 1881, 1885 సంవత్సరాల్లో బ్రిటన్‌లో ఒక సవరణ జరిగింది. 'చారిటీ' మళ్లీ 'లవ్' అయింది, 'మీట్ ఆఫరింగ్' 'మీల్ ఆఫరింగ్' అయింది.

నీవు, మీరు

కొత్తదాంట్లో అన్నీ లాభాలే అనుకోకూడదు. పాత ఇంగ్లీషులో ఒక్కరిని పిలవడానికి 'దౌ', పలువురిని పిలవడానికి 'యీ' ఉండేవి. ఇప్పుడు రెంటికీ 'యూ' ఒక్కటే. లూకా సువార్త ఇరవై రెండో అధ్యాయంలో యేసు పేతురుతో, సాతాను మిమ్మల్ని కోరుకున్నాడనీ, నేను నీ కోసం ప్రార్థించాననీ అంటాడు. ఆపద అందరిది, ప్రార్థన మాత్రం పేతురు కోసం. ఒట్టి 'యూ'తో ఈ తేడా కనబడదు. కింగ్ జేమ్స్‌లో స్పష్టంగా ఉంది. 'నీవు', 'మీరు' ఉన్న మన తెలుగులోనూ స్పష్టంగా ఉంది.

విచిత్రమేమిటంటే, 'దౌ' ఇప్పుడు చెవికి గౌరవ వాచకంలా వినిపిస్తుంది. నిజానికి అది మన 'నువ్వు' లాంటి మాట. 17వ శతాబ్దంలో క్వేకర్లు పెద్దలను, న్యాయమూర్తులను కూడా 'దౌ' అని పిలిచి తిట్లూ శిక్షలూ తిన్నారు.

మన ఇంటి సంగతి

ఇది ఇంగ్లీషు జబ్బు కాదు, ప్రతి భాషా లక్షణం. మహాభారతంలో ఉద్యోగ పర్వం ఉందంటే, అందులో ఎవరికి ఉద్యోగం వచ్చిందని ఈనాటి పిల్లవాడు అడగవచ్చు. అక్కడ ఉద్యోగం అంటే ప్రయత్నం, యుద్ధ సన్నాహం. పాత కావ్యాల్లో 'చీర' మగవారూ కట్టేవారు, అప్పుడు దాని అర్థం వస్త్రం. 'కంపు' ఒకప్పుడు పూల పరిమళానికీ చెల్లేది. ఇవాళ పూలకు ఆ మాట వాడితే పూలు అమ్మే ఆమె ఊరుకోదు.

మా వృత్తిలో పాత డ్రాయింగు చేతికి వస్తే ముందు చూసేది కింద మూలన ఉండే పెట్టె. కొలతలు అడుగుల్లో ఉన్నాయా, మీటర్లలో ఉన్నాయా, రివిజన్ నంబరు ఎంత అన్నది అక్కడే తెలుస్తుంది. మాటలకు అలాంటి పెట్టె ఉండదు. 1611 నాటి 'లెట్', నేటి 'లెట్' చూపుకు ఒక్కటే.

1611 పండితులు తప్పు రాయలేదు. వారి కాలపు ఇంగ్లీషులో సరిగ్గా రాశారు. సామాన్యులకు అర్థం కావాలనే తమ ఉద్దేశమని ముందుమాటలో చెప్పుకున్నారు కూడా. ఈనాటి పాఠకుడిదీ తప్పు కాదు. తనకు వచ్చిన ఇంగ్లీషులోనే అతను చదువుతున్నాడు. ఇద్దరూ సరిగ్గానే ఉన్నా మధ్యలో అర్థం జారిపోయింది. పొలం దున్నే కుర్రాడికి అర్థం కావాలని ఒక మనిషి ప్రాణం ఇచ్చాడు. ఆ కుర్రాడి వారసుడు, అర్థమైందనే అనుకుంటూ వేరే అర్థంతో పుస్తకం మూసేస్తే, టిండేల్ పడ్డ కష్టానికి ఫలితం దక్కనట్టే.

అందుకని పాత బైబిలును అటక మీద పెట్టమని నేను అనను. నాలుగు శతాబ్దాల ఇంగ్లీషు సాహిత్యానికి అది చెవినీ, లయనూ ఇచ్చింది. పక్కన ఒక కొత్త అనువాదం, వీలైతే మన తెలుగు బైబిలు, మాటల పాత అర్థాలు కూడా ఇచ్చే ఒక పెద్ద నిఘంటువు పెట్టుకుని చదవమంటాను. మూడూ ఒకే మాట చెబితే ముందుకు సాగండి. తేడా వస్తే ఆగండి.

ఇప్పుడు మన బడిలో చదువుతున్న పిల్లలకు నా సలహా కూడా ఇదే. బైబిలైనా, భారతమైనా, షేక్‌స్పియరైనా, తాతగారి పాత దస్తావేజు అయినా సరే, తెలియని మాటకు అర్థం ఎలాగూ వెతుక్కుంటారు. తెలిసిన మాట దగ్గర కూడా ఒక్క క్షణం ఆగి, ఇది రాసిన రోజున దీని అర్థం ఇదేనా అని అడగండి.

– 1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి