బాలల పుస్తక పురస్కారాలు: కర్నూలు, కడప ప్రాంతం

పిల్లల కోసం వెలువడిన పుస్తకాలలో మేలైనవాటిని న్యాయనిర్ణేతల చేత ఎంపిక చేయించి, వాటి రచయితకు గానీ, బొమ్మలు వేసిన చిత్రకారునికి గానీ ఒక సంస్థ ఏటా అందించే గౌరవాన్ని బాలల పుస్తక పురస్కారం అంటారు. తెలుగులో వీటిలో ప్రధానమైనది కేంద్ర సాహిత్య అకాడమి 2010లో నెలకొల్పిన బాల సాహిత్య పురస్కారం. 2023లో ఈ గౌరవం కడప జిల్లా ప్రొద్దుటూరుకు చెందిన డి.కె.చదువులబాబుకు దక్కింది. తెలుగు పిల్లల పత్రికలలో బొమ్మకు పెద్దపీట వేసిన ‘చందమామ’ స్థాపకులలో ఒకరైన బి.నాగిరెడ్డి కూడా కడప జిల్లాలోనే జన్మించారు. ఈ విధంగా కథకూ బొమ్మకూ ఈ నేలతో సంబంధం ఉన్నప్పటికీ, తెలుగులో పురస్కార వ్యవస్థ రచన చుట్టూ అల్లుకొన్నంతగా చిత్రరచన చుట్టూ అల్లుకోలేదు.

ప్రపంచ నేపథ్యం

బాలల పుస్తకాలకు ఏటా పురస్కారం ఇచ్చే పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో గ్రంథాలయోద్యమంతో పాటు బలపడింది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో పిల్లల పుస్తకాలు ప్రచురించి అమ్మిన జాన్ న్యూబెరీ పేరిట అమెరికా గ్రంథాలయ సంఘం 1922లో న్యూబెరీ పతకాన్ని ప్రారంభించగా, అది రచయితకు మాత్రమే పరిమితమై చిత్రకారుని శ్రమకు గుర్తింపు లేకుండా పోతున్నదన్న అభిప్రాయం క్రమంగా బలపడి, ఆంగ్ల చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్ పేరిట బొమ్మల పుస్తకాలకు విడిగా మరో పతకం ఏర్పడింది. కాల్డెకాట్ పతకాన్ని తొలిసారి 1938లో ఇచ్చారు. బ్రిటన్‌లోనూ ఇదే వరుస కనిపిస్తుంది: రచనకు కార్నెగీ పతకం 1936లో రాగా, చిత్రరచనకు కేట్ గ్రీనవే పతకం 1955లో గానీ ఏర్పడలేదు. అంతర్జాతీయ బాలల పుస్తక మండలి రెండేళ్లకొకసారి ఇచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం కూడా రచయితలకు 1956లోనూ, చిత్రకారులకు 1966లోనూ మొదలైంది. కథకు గుర్తింపు ముందు వచ్చి, బొమ్మకు పదేళ్లకో ఇరవయ్యేళ్లకో రావడం చాలా దేశాలలో జరిగినదే కాగా, తెలుగులో ఆ రెండో దశ ఇంకా పూర్తిగా రాలేదు.

ఇక్కడ ‘బొమ్మలున్న పుస్తకం’, ‘బొమ్మల పుస్తకం’ అన్న రెండింటికీ తేడా గమనించవలసి ఉంటుంది. మొదటిదానిలో కథ మాటలతోనే పూర్తవుతుంది, బొమ్మ దానికి తోడుగా నిలుస్తుంది. రెండోదానిలో కథలో సగం బొమ్మే చెబుతుంది కాబట్టి బొమ్మను తీసివేస్తే కథ అర్థం కాదు. చిత్రరచన పురస్కారాలు చాలావరకు ఈ రెండో రకం పుస్తకాలను దృష్టిలో పెట్టుకొని పుట్టాయి.

భారతదేశంలో

స్వాతంత్ర్యం తరువాత పిల్లల పుస్తకాలకు రెండు సంస్థలు ప్రధానంగా ఊతమిచ్చాయి. వ్యంగ్య చిత్రకారుడు శంకర్ పిళ్లై 1957లో ఢిల్లీలో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ వాటిలో ఒకటి కాగా, అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నేషనల్ బుక్ ట్రస్ట్ రెండోది. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పేరిట వెలువరించిన పుస్తకాలలో ఒకే బొమ్మలతో, అనేక భాషల అనువాదాలతో వచ్చినవి ఎక్కువ కావడంతో తెలుగు పిల్లలకు ఇతర ప్రాంతాల చిత్రకారులు పరిచయమయ్యారు.

చిత్రకారులను ప్రత్యేకంగా గుర్తించిన భారతీయ ప్రయత్నాలలో టాటా ట్రస్టుల ‘పరాగ్’ విభాగం 2016లో ప్రారంభించిన బిగ్ లిటిల్ బుక్ అవార్డు ముఖ్యమైనది. ఇందులో రచయిత విభాగానికి ఏటా ఒక భారతీయ భాషను ఎంచుకొంటారు, చిత్రకారుల విభాగానికి భాషా పరిమితి ఉండదు. మొదటి ఏడాది మరాఠీ రచయిత్రి మాధురీ పురందరే, చిత్రకారుడు అతను రాయ్ దీనిని అందుకొన్నారు. చెన్నైకి చెందిన తారా బుక్స్ గోండు చిత్రకారులు భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి బొమ్మలతో తెచ్చిన చెట్ల పుస్తకం 2008లో ఇటలీలోని బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో పురస్కారం పొందడంతో, జానపద చిత్రకళ కూడా బాలల పుస్తకానికి పునాది కాగలదని రుజువైంది.

కేంద్ర సాహిత్య అకాడమి బాల సాహిత్య పురస్కారం

సాహిత్య అకాడమి తాను గుర్తించిన 24 భాషలలో ఏటా ఒక్కో భాషకు ఒక బాల సాహిత్య పురస్కారం ఇస్తుంది. 50,000 రూపాయల నగదు, రాగి ఫలకం ఇందులో భాగం. పురస్కార సంవత్సరానికి ముందు ఏడాదిని వదిలిపెట్టి, దానికి ముందరి ఐదేళ్లలో మొదటిసారి అచ్చయిన పుస్తకాలను పరిశీలనకు తీసుకొంటారు. ఉదాహరణకు 2023 పురస్కారానికి 2017 నుంచి 2021 వరకు వచ్చిన పుస్తకాలు అర్హమయ్యాయి. ఒక్కో భాషకు ముగ్గురు సభ్యులున్న న్యాయనిర్ణేతల సంఘం ఏకాభిప్రాయంతో గానీ మెజారిటీతో గానీ చేసిన ఎంపికను అకాడమి కార్యనిర్వాహక మండలి ఆమోదిస్తుంది. ఒక్క పుస్తకానికి గాక రచయిత బాల సాహిత్యానికి చేసిన మొత్తం సేవకు పురస్కారమిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. తెలుగులో 2015లో చొక్కాపు వెంకటరమణ, 2017లో వాసాల నర్సయ్య ఆ విధంగా ఎంపికయ్యారు.

తెలుగులో తొలి పురస్కారం 2010లో రాయలసీమకే వచ్చింది. పాత చిత్తూరు జిల్లా పాకాలకు చెందిన కలువకొలను సదానంద తన ‘అడవితల్లి’ నవలకు దానిని అందుకొన్నారు. ఆయన కథకుడే కాక చిత్రకారుడు, వ్యంగ్య చిత్రకారుడు కూడా అయినప్పటికీ, పురస్కారం ఆయన రచనకే వచ్చింది.

ఆ తరువాతి సంవత్సరాలలో ఎం.భూపాల్‌రెడ్డి ‘ఉగ్గుపాలు’ (2011), రెడ్డి రాఘవయ్య ‘చిరుదివ్వెలు’ (2012), డి.సుజాతాదేవి ‘ఆటలో అరటిపండు’ (2013), దాసరి వెంకటరమణ ‘ఆనందం’ (2014), ఆలపర్తి వెంకట సుబ్బారావు ‘స్వర్ణపుష్పాలు’ (2016), నారంశెట్టి ఉమామహేశ్వరరావు ‘ఆనందలోకం’ (2018), బెలగాం భీమేశ్వరరావు ‘తాతమాట వరాలమూట’ (2019), కన్నెగంటి అనసూయ ‘స్నేహితులు’ (2020), దేవరాజు మహారాజు ‘నేను అంటే ఎవరు?’ (2021), పత్తిపాక మోహన్ ‘బాలల తాత బాపూజీ’ (2022), డి.కె.చదువులబాబు ‘వజ్రాల వాన’ (2023), పి.చంద్రశేఖర్ ఆజాద్ ‘మాయాలోకం’ (2024), గంగిశెట్టి శివకుమార్ ‘కబుర్ల దేవత’ (2025) పురస్కారాలు పొందాయి. ఈ వరుసలో కథల సంపుటాలదే పైచేయి. గేయాలు, కవితల పుస్తకాలు వాటి తరువాత నిలుస్తాయి. నవలలూ నాటకాలూ బహు తక్కువ. చదవడం అప్పుడప్పుడే నేర్చుకొంటున్న ఐదారేళ్ల పిల్లల కోసం వచ్చే బొమ్మల పుస్తకానికి ఈ పురస్కారంలో విడిగా విభాగం లేదు.

కర్నూలు, కడప ప్రాంతం

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో పాత కర్నూలు జిల్లా నుంచి నంద్యాల, పాత కడప జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలో చేరిన కొంత భాగం విడిపోయాయి. ఈ వ్యాసంలో కర్నూలు, కడప అన్నప్పుడు పాత హద్దులనే గ్రహించాలి.

‘వజ్రాల వాన’ కథల సంపుటానికి వచ్చిన 2023 పురస్కారం కడప జిల్లా బాల సాహిత్యంలో చెప్పుకోదగిన ఘట్టం. వజ్రాల వాన అన్న మాటకు ఈ ప్రాంతంలో మరో అర్థచ్ఛాయ కూడా ఉంది. కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి పరిసరాలలో తొలకరి వానలకు పైమన్ను కొట్టుకుపోయి రంగురాళ్లు బయటపడతాయన్న ఆశతో జనం పొలాల వెంట వెతుకుతూ తిరగడం ఏటా జరిగేదే కాబట్టి, వాన వెలిసిన తరువాత నేల మీద మెరిసేదాన్ని ఏరుకోవడం ఇక్కడి పిల్లలకు కథలో మాత్రమే వినబడే సంగతి కాదు.

కర్నూలుకు చెందిన ఎం.హరికిషన్ పిల్లల రచనలో మరో పాయకు ప్రతినిధి. ఆయన రాయలసీమలో నోటి నుంచి నోటికి సాగుతున్న జానపద కథలను సేకరించి, కర్నూలు ప్రాంతపు మాట తీరులోనే పిల్లలకు చెప్పారు. అచ్చులో వచ్చే పిల్లల పుస్తకాలు చాలాకాలం పత్రికల తెలుగునే ప్రమాణంగా తీసుకోవడం వల్ల, వేరుశనగలను బుడ్డలనీ బొరుగులతో చేసే ఫలహారాన్ని ఉగ్గాని అనీ పిలిచే ఇళ్లలోని పిల్లలు తమ మాటను పుస్తకంలో అరుదుగా చూసేవారు. ప్రాంతీయ మాండలికంలో రాసిన పుస్తకం మిగిలిన ప్రాంతాల పిల్లలకు అర్థమవుతుందా అన్న ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది. అయితే జానపద కథ ఏ ఊళ్లో విన్నా ఆ ఊరి మాటతోనే బతుకుతుంది గనుక, మాండలికాన్ని తీసివేస్తే కథలోని హాస్యం, ఊపు కూడా పోతాయన్నది రెండో వైపు వాదన.

పిల్లల పత్రికల విషయంలో పొరుగున ఉన్న పాత అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి నుంచి, ప్రకృతిబడి ఆధారంగా 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ మాసపత్రికను ప్రస్తావించాలి. పిల్లలు రాసిన కథలకూ, పిల్లలు వేసిన బొమ్మలకూ ఇది చోటు కల్పించి, వాటిని ఎవరైనా మళ్లీ వాడుకొనేందుకు వీలైన షరతులతో అందించింది.

చిత్రరచన, దాని గుర్తింపు

తెలుగు పిల్లల అచ్చు ప్రపంచంలో బొమ్మ ప్రాధాన్యం పత్రికల వల్ల పెరిగింది. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి 1945లో మద్రాసు నుంచి ప్రారంభించిన ‘బాల’ పత్రికలో చిత్రకారుడు బాపు తొలినాటి బొమ్మలు వచ్చాయి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి కలిసి అదే నగరం నుంచి తెలుగులో ‘చందమామ’, తమిళంలో ‘అంబులిమామ’ ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు తెలుగు ‘చందమామ’ భాషకు సూటిదనాన్ని ఇవ్వగా, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య మొదలైన చిత్రకారులు దాని రూపానికి ప్రాణం పోశారు. ఒకే బొమ్మను అనేక భాషల సంచికలలో వాడే ఏర్పాటు ఉండటం వల్ల, చిత్రకారునికి ఒక్క భాష పాఠకులే గాక దేశమంతటి పిల్లలూ చూపరులయ్యారు.

ఈ చిత్రకారులకు వచ్చిన గౌరవాలు బాలల పుస్తక పురస్కారాల దారిలో రాలేదు. బాపుకు 2013లో పద్మశ్రీ లభించగా, చందమామ శంకర్‌గా ప్రసిద్ధుడైన కె.సి.శివశంకరన్‌కు 2020లో ఆయన మరణించిన తరువాత 2021లో పద్మశ్రీ ప్రకటించారు. జీవితకాల కృషికి వచ్చే అటువంటి గౌరవం విలువైనదే అయినా, ఈ ఏడాది వచ్చిన ఫలానా పుస్తకంలో బొమ్మలు బాగున్నాయని చెప్పి కొత్త చిత్రకారునికి బలమిచ్చే వార్షిక పురస్కారం చేసే పని వేరు. మొదటిది పండిన పంటను మెచ్చుకొంటుంది, రెండోది విత్తనం వేసే చేతికి అండగా నిలుస్తుంది.

సోవియట్ యూనియన్‌లో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాలు అచ్చువేసి, విశాలాంధ్ర దుకాణాల ద్వారా చౌకగా అమ్ముడైన రంగుల పుస్తకాలు తెలుగు పాఠకులకు బొమ్మల పుస్తకం రుచి చూపాయి. 1991 తరువాత అవి ఆగిపోవడంతో ఏర్పడిన లోటును తీర్చే ప్రయత్నాలలో సికింద్రాబాదుకు చెందిన మంచి పుస్తకం ప్రచురణలు పేర్కొనదగినవి. ఈ సంస్థ ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానాతో కలిసి పిల్లల బొమ్మల కథల పుస్తకాలకు, నవలలకు పోటీలు నిర్వహించింది. కథనూ బొమ్మనూ ఒకే పుస్తకంగా చూడటం బొమ్మల కథల పోటీ ప్రత్యేకత.

ఇతర పురస్కారాలు

పొట్టి శ్రీరాములు పేరుతో నడిచిన తెలుగు విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడిన తరువాత ఇస్తూ వచ్చిన సాహితీ పురస్కారాలు, కీర్తి పురస్కారాలలో బాల సాహిత్యానికీ చోటు ఉంది. వీటికి తోడు ఆయా ఊళ్ల సాహిత్య సంస్థలు, రచయితల పేరిట ఏర్పడిన పీఠాలు నిర్వహించే పోటీలు కొత్తవారికి తొలి మెట్టుగా ఉపయోగపడుతున్నాయి.

ప్రభావం, పరిమితులు

పురస్కారం వల్ల పుస్తకం పేరు పత్రికలలో వస్తుంది, పాఠశాలలు, గ్రంథాలయాల కొనుగోలుదారుల దృష్టికి చేరుతుంది, ఇతర భాషలలోకి అనువాదమయ్యే అవకాశం పెరుగుతుంది. అయితే ఎంపిక చేసేవారు పెద్దలే కాబట్టి, పెద్దలు మెచ్చే నీతి ఉన్న కథకు మొగ్గు లభించి, పిల్లలు మెచ్చే అల్లరి కథ వెనుకబడే ప్రమాదం ఈ పురస్కారాలన్నిటికీ ఉంది.

చిత్రరచన పురస్కారానికి కావలసిన కళాసంపద రాయలసీమలో కొరవడలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు తరతరాలుగా రామాయణ, భారత కథలను తెర మీద పిల్లలకూ పెద్దలకూ చూపిస్తూ వచ్చాయి; వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. గోండు చిత్రకారుల బొమ్మలు పుస్తకమై బొలోన్యా దాకా వెళ్లిన తీరున, ఈ తోలుబొమ్మల గీతను హరికిషన్ వంటివారు సేకరించిన సీమ కథలతో కలిపితే బొమ్మల పుస్తకానికి స్థానికమైన రూపం ఏర్పడగలదు. కథకు ఇచ్చే ఫలకం మీద బొమ్మ వేసినవారి పేరు కూడా చెక్కే విభాగం తెలుగు పురస్కారాలలో ఏర్పడినప్పుడే అటువంటి పుస్తకాన్ని తూచే త్రాసు సిద్ధమైనట్లవుతుంది.