కుటుంబీకుల వాడ: వికారాబాదు, తాండూరు చెప్పే చరిత్ర

ఊళ్ల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా కోటగోడలతోనో, శాసనాలతోనో మొదలుపెడతారు. ఆ ఊళ్లో ఎవరి పక్కన ఎవరు కాపురముండేవారు, ఎవరి బావిలో ఎవరు నీళ్లు చేదుకునేవారు, ఎవరికి ఇల్లు కిరాయికి పుట్టేది కాదు అన్న ప్రశ్నలకు ఆ గ్రంథాలలో చోటు దొరకదు. కాని సమాజ స్వభావం సింహాసనం మీద కంటె ఇంటి గడప మీదనే ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది.

నేడు వికారాబాదులోగాని, తాండూరులోగాని కొత్త కాలనీలలో నడిచి చూడండి. కిరాయి బోర్డుల మీద "ఫ్యామిలీలకు మాత్రమే" అనే మాట తరచు ఎదురవుతుంది. దాని వెనుక ఒక జీవితాదర్శం ఉంది. సాయంకాలం పిల్లలు భయం లేకుండా ఆడుకునే వీథి, పండుగనాడు ఒక ఇంటినుంచి మరొక ఇంటికి నడిచే గిన్నెలు, అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తట్టగల పొరుగువారు. ఈ సుఖాన్ని ఎగతాళి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. బిడ్డకు భద్రమైన వీథి కోరే ఉపాధ్యాయుడు ఎవరికీ శత్రువు కాడు. ఐతే ఈ సుఖం ఎక్కడినుంచి వచ్చింది, దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని అడగడం మన బాధ్యత.

1

వికారాబాదు పేరులోనే దాని భూస్వామ్య జననం ఉంది. 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు రాజ్య ప్రధానిగా ఉన్న పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేర వెలసిన ఊరిది. ఫలక్‌నుమా కట్టించినవాడు ఆయనే. ఆ మహలు పునాదులలో పాయెగా గ్రామాల రైతు చెమట కూడ ఉందని వేరే చెప్పనక్కరలేదు. ఆనాటి గ్రామాలలో నివాసం పుట్టుకతోనే నిర్ణయమయ్యేది. దొరకు గడి, కాపుకు ఊరి నడిబొడ్డు, మాల మాదిగలకు ఊరవతలి వాడ. ఇల్లు మారడమంటే కులం మారినంత అసాధ్యం.

ఈ వ్యవస్థకు మొదటి బీట వేసింది రైలు. 1874లో వాడీనుంచి సికిందరాబాదుకు నిజాం రైలుమార్గం తెరుచుకున్నది. 1930 దశకంలో బీదరు మార్గం వచ్చి కలిసింది, వికారాబాదు జంక్షనయింది. రైల్వే క్వార్టరు మన ప్రాంతంలో ఒక కొత్త వస్తువు. అందులో మనిషికి ఇల్లు పుట్టుకను బట్టి గాక ఉద్యోగాన్ని బట్టి వచ్చింది. వేరువేరు భాషలవారు, మతాలవారు ఒకే పంపు దగ్గర బిందెలు వరుసలో పెట్టవలసి వచ్చింది. ఒకరికొకరు "వదినె", "ఖాలా", "భాభీ" అయినారు. ఇది చిన్న విషయమేమీ కాదు. చట్టాలు చేయలేని పని ఎన్నో చోట్ల ఒక నీళ్ల పంపు చేసింది.

ఐనా రైల్వే కాలనీని స్వర్గంగా చిత్రించడం పొరపాటు. అక్కడ కులం స్థానంలో హోదా వచ్చి కూర్చున్నది. ఆఫీసరుకు బంగళా, గుమాస్తాకు రెండర్రల క్వార్టరు, గ్యాంగుమనిషికి వరుస ఇండ్లలో ఒక అర్ర. పైగా కింది ఉద్యోగాలు పాత కులాలకే పోవడంచేత కొత్త నిచ్చెన పాత నిచ్చెన పక్కనే నిలబడింది.

1949లో జాగీర్లు, పాయెగాలు రద్దయినాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 2016 అక్టోబరులో వికారాబాదే జిల్లా కేంద్రమయింది. కార్యాలయాల వెంట ఉద్యోగులు, ఉద్యోగుల వెంట ప్లాట్లు వచ్చాయి. ఒకప్పుడు కందిచేనుగా ఉన్న భూమి గజాలలో అమ్ముడుపోయే సరుకయింది.

2

తాండూరు కథ మరో విధం. 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న ఈ తాలూకా రాష్ట్రాల పునర్విభజనలో ఆంధ్రప్రదేశులో చేరింది. అందుకే కాగ్నా ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే అంగడిలో వినిపిస్తాయి. కందిపప్పుకు ఊరంత పేరున్నది. 2022లో ఆ పప్పుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. కాని ఊరిని పెంచింది బండ.

తాండూరు బండ మీద నడవని మధ్యతరగతి కుటుంబం మన ప్రాంతంలో అరుదు. హైదరాబాదులో ఎన్ని ఇండ్ల గచ్చు ఈ నేల పొరలనుంచి వచ్చిందో! "ఫ్యామిలీలకు మాత్రమే" అని బోర్డు కట్టిన ఇంటి వరండాలో పరిచి ఉన్నదీ ఈ బండే. దాన్ని గనిలో పగులగొట్టేదీ, పాలిషింగు యూనిట్లలో నీళ్లూ దుమ్మూ మధ్య నునుపు చేసేదీ కుటుంబీకులే. ఆలుమగలు కలిసి పని చేస్తారు. పసిబిడ్డ బండల గుట్ట నీడన నిద్రపోతుంది. ఈ కుటుంబం గనికి దగ్గరగా, రేకుల కప్పు కింద, బూడిదరంగు రొచ్చు ఆరిన నేల మీద కాపురముంటుంది. సిమెంటు పరిశ్రమలోనూ రీతి ఇంతే. పర్మనెంటు ఉద్యోగికి క్వార్టరు, బడి, తోట. కాంట్రాక్టు కూలికి ఎక్కడ దొరికితే అక్కడ తల దాచుకునే స్వేచ్ఛ!

ఆ గని కార్మికుడు భార్యాబిడ్డలతో కాలనీలో ఇల్లడిగితే ఏమవుతుంది? బోర్డు ప్రకారం అతడు అర్హుడే. కాని ముందు ఉద్యోగమడుగుతారు, తరువాత ఊరడుగుతారు, ఆపైన ఇంటిపేరడుగుతారు. ఒక ముస్లిము గుమాస్తాకు పేరు చెప్పగానే "ఇల్లు నిన్ననే అయిపోయింది" అన్న జవాబు వస్తుంది. వేరుగా బ్రతుకుతున్న ఒంటరి స్త్రీ తన బిడ్డతో వస్తే ఆమెది కుటుంబం కాదంటారు. దీన్ని బట్టి తేలేదేమంటే "కుటుంబం" అనే మాట ఇక్కడ రక్తసంబంధాన్ని సూచించడం లేదు. నెల జీతాన్ని, కులాన్ని, మతాన్ని, మగదిక్కును కలిపి కట్టిన మూటకు అది మర్యాదపేరు.

3

ఇది మన ఊళ్లకే ప్రత్యేకమైన జాడ్యం కాదు. అమెరికాలో 1947 తరువాత లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీ వెలసింది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల కుటుంబాలకు చవకగా ఇండ్లు కట్టించినందుకు లోకం మెచ్చుకున్నది. తొలినాళ్ల కిరాయి ఒప్పందాలలో తెల్లజాతివారు తప్ప ఇతరులు ఉండరాదన్న నిబంధన ఉంది. ఐతే ఇంటి నౌకర్లకు మాత్రం మినహాయింపు! పాకీపనికి, అంట్లపనికి వచ్చే మనిషి వంటింటిదాకా రావచ్చు గాని పక్కింట్లో ఉండరాదన్న మన కాలనీ నీతికీ దీనికీ తేడా ఎంత?

మన చట్టం కూడ ఈ తలుపును పూర్తిగా తెరవలేదు. గుజరాతులోని ఒక పారశీ గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని పారశీలకే పరిమితం చేసుకోవచ్చునని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగం ప్రభుత్వ వివక్షను, బావులు, హోటళ్లు వంటి చోట్ల వివక్షను స్పష్టంగా నిషేధించింది. కిరాయి ఇంటి గడప దగ్గర మాత్రం దాని గొంతు సన్నగిల్లుతుంది.

ఇండ్ల సమస్యను గురించి ఎంగెల్సు 1872లోనే వ్రాశాడు. కార్మికునికి సొంతిల్లు చూపి సంతృప్తిపరచాలనే సంస్కర్తలను ఆయన తీవ్రంగా విమర్శించాడు. పెట్టుబడిదారీ వ్యవస్థ మురికివాడలను నిర్మూలించదనీ, ఒక చోటునుంచి మరొక చోటుకు తరలిస్తుందనీ ఆయన సిద్ధాంతం. కాలనీ చక్కబడిన కొద్దీ రేకుల గుడిసె గని అంచుకు జరగడం చూస్తే ఈ మాట నిజం బోధపడుతుంది.

4

ఇక కాలనీ లోపలికి వద్దాం. ఈ ప్రశాంతతను దినదినం తయారు చేసేవారెవరు? 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనికి అది చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో స్త్రీ 289, పురుషుడు 88. అయిదేండ్లలో స్త్రీకి పది నిమిషాలు తగ్గితే, పురుషునికి కూడ తొమ్మిది తగ్గినాయి! తెల్లవారుజామున పట్నం రైలుకు పోయే మగవాని టిఫిను డబ్బా, బడి బస్సుకు నిలబడిన పిల్ల రెండు జడలు, మోటారు వేసే వేళకు నింపిన తొట్టి, ఇవన్నీ ఆ నిమిషాలే. కాలనీ ప్రశాంతత స్త్రీ నిశ్శబ్దానికి మరో పేరు.

ఇంత కట్టుదిట్టమైన కాలనీ తన బిడ్డలనైనా కాపాడుకోగలుగుతున్నదా? మంచి చదువు, మంచి ఉద్యోగం హైదరాబాదులోనే పోగుపడినాయి. ఆదివారం ఇంటికి వచ్చిన ఆడపిల్ల సోమవారం తెల్లవారకముందే బస్సెక్కాలి. 2025 నవంబరు 3న, సోమవారం ఉదయం, తాండూరునుంచి హైదరాబాదు పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర కంకర టిప్పరు ఢీకొన్నది. చదువులకు తిరిగిపోతున్న విద్యార్థినులతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోడ్డును వెడల్పు చేసే పని ఏండ్ల తరబడి నలుగుతూ వచ్చింది. ఆ రోజు ఏ కాలనీ గేటూ ఎవరినీ కాపాడలేదు. గేటు లోపలి భద్రత మనం కొనుక్కుంటాం. గేటు బయటి భద్రత అందరూ కలిసి సాధించుకుంటేనే వస్తుంది. కలిసే అలవాటునే గేటు చంపుతున్నది.

5

మరి మార్గం లేదా? వియన్నా నగర పాలక సంస్థ 1930లో కార్ల్ మార్క్స్ హాఫ్ అనే భవన సముదాయాన్ని తెరిచింది. అందులో 1,382 ఇండ్లు, ఉమ్మడి చాకిరేవులు, శిశుశాలలు, గ్రంథాలయం ఉన్నాయి. అక్కడ ఉన్నవారూ కుటుంబీకులే. ఐతే ఆ ఇండ్లు కార్మికుల కోసమే కట్టినవి, వాటి పెరళ్లు అందరివీ. స్త్రీ భుజం మీది బరువులో కొంత గోడలు దాటి సమిష్టి బాధ్యతయింది.

మనకు అంతటి భవనాలు రేపే రాకపోవచ్చు. కాని ఒకనాడు రైల్వే పంపు దగ్గర బిందెల వరుస నేర్పిన పాఠం మన చరిత్రలోనే ఉంది. కులం, మతం అడగకుండా ఇల్లు కిరాయికివ్వాలనే చట్టం కావాలి. గని కార్మికుల వాడకు నీళ్లు, శిశుశాల, దుమ్మునుంచి రక్షణ కావాలి. పిల్లలు పట్నానికి పరుగెత్తనవసరం లేని కళాశాలలు జిల్లాలోనే కావాలి. ఉపాధ్యాయ మిత్రులు, విద్యార్థులు ఈ పనిని తమ సొంత వీథినుంచి ప్రారంభించవచ్చు. మొదట ఆ బోర్డు మీది రెండు మాటలను చదివి, మన ఇంటి గచ్చు పరిచిన మనిషికి మన పక్కింట్లో చోటున్నదా అని ప్రశ్నించుకుందాం. ఆ ప్రశ్నకు సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగిన నాడే మనది నిజమైన కుటుంబీకుల వాడ అవుతుంది.