చెరకు చేనులో బాలింత సెలవు

1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఆ ఫ్యాక్టరీకి చెరకు నరికిచ్చిన కూలి తల్లుల కాన్పుల చరిత్రను మనమే రాసుకోవాలి.

1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. నెలలు నిండకుండా కాన్పయి తల్లి జబ్బుపడితే, మామూలు సెలవుకు తోడు మరో నెల దాకా జీతంతో సెలవు ఇవ్వాలని అందులో ఉంది. ఆ చట్టం ఫ్యాక్టరీకి, గనికి, తేయాకు తోటకు వర్తించింది. చెరకు చేనుకు వర్తించలేదు. నరికే చెయ్యి ఆగితే కూలీ ఆగింది. అప్పుడు బాలింతను ఆదుకున్నది పొయ్యి చూసుకున్న అత్త, పెద్దపిల్లల్ని సాకిన తోటికోడలు.

2011 నుంచి జననీ శిశు సురక్ష కింద సర్కారు దవాఖానలో కాన్పు, జబ్బుపడిన పసిబిడ్డకు వైద్యం, మందులు, రాకపోకల బండి ఉచితం. నెలతక్కువ బిడ్డను రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలో మొదలైంది. తండ్రి, నాయనమ్మ కూడా బిడ్డను అలా పట్టుకోవచ్చు.

అయితే బిడ్డ వారాల తరబడి నిజామాబాద్ దవాఖానలో ఉంటే, పక్కన కూర్చున్నవాళ్ల కూలి ఎవరిస్తారు? 1961 నాటి ఆ లోటు ఇంకా పూడలేదు. అది పూడేదాకా ఆ ఇంటి పొయ్యి ఆరకుండా, పిల్లల బడి ఆగకుండా చూడాల్సింది తండాలో చదువుకున్న మనమే.