మూత విప్పని అరిష్టము

చిత్రావతి నీటితో నిండు బుక్కపట్నం చెఱువును చూడబోయిన మమ్ము ఒక ముసలమ్మ తన యింటికి పిలిచి, అటకమీది సీసా నొకదానిని దింపించెను. అది దశమూలారిష్టము. మూత బిగువు సడలలేదు గాని, చీటీపై తేది చెరిగిపోయినది.

“నాయనా, రేడియోలో అన్నీ చెప్తారు కదా! మా మనుమరాలు బాలింత. మా ఆయన తెచ్చిపెట్టింది ఇది. పోయచ్చునా, పారబోయాల్నా?” అని ఆమె అడిగెను.

ఈ సందేహము మిక్కిలి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రము ఆసవారిష్టములను, ద్రాక్షరసముతో చేయు మధువును వేర్వేరుగా పేర్కొనినది. క్రొత్త మద్యము గురువనియు, పాతది లఘువనియు చరకసంహిత చెప్పుచున్నది. బుక్కరాయలు ఏలిన కాలమునకు (1356-1377) ఇంచుమించు దగ్గరివాడైన శార్ఙ్గధరుడు ఔషధముల ఆయుర్దాయమునే లెక్కకట్టెను. చూర్ణము రెండు నెలలకు, గుటికలు, లేహ్యములు ఒక యేటికి సారము కోల్పోవును. ఆసవములు, లోహభస్మములు మాత్రము పాతబడిన కొలది గుణము హెచ్చునని ఆయన మతము.

అట్లయినచో ఉదయము తియ్యగానున్న ఈతకల్లు సాయంకాలమునకే పులిసి, పిమ్మట కాడియగుట ఏల? కల్లుకుండ మూత లేనిది. గాలి తగిలినచో కొన్ని సూక్ష్మజీవులు మద్యసారమును పులుసుగా మార్చును. ఫ్రాన్సు దేశపు పాశ్చరు పండితుడు ద్రాక్షాసవము చెడుటకు సూక్ష్మజీవులే కారణమని 1866లో గ్రంథమే ప్రకటించెను. మన వైద్యులు ఆ జీవుల పేరెరుగరు. అయినను అరిష్టపు కుండ మూతికి గుడ్డచుట్టి మన్ను మెత్తుట ఎరుగుదురు. మూత చెడనిచో మద్యసారము, పులుపు కలిసి రోగకారక జీవులను పెరుగనీయవు. కనుక పాత ఆసవము సామాన్యముగా కాడియగునే గాని విషము కాదు.

జర్మనీలోని స్పేయరు నగరమునొద్ద 1867లో ఒక రోమక సమాధియందు సుమారు 4వ శతాబ్దపు ద్రాక్షాసవపు సీసా దొరకినది. పైన నూనె పోసి, మైనముతో మూసిన ఆ సీసాను నేటివరకు ఎవరును విప్పలేదు. అందలి ద్రవము నిలిచియే యున్నది. అయినను నిలుచుట వేరు, త్రాగదగుట వేరు.

ఈ భేదమునే మేము ఆ తల్లికి విన్నవించితిమి. మూత ఉబ్బినను, ద్రవము తగ్గినను, బూజు కనబడినను, ఘాటైన కాడివాసన వచ్చినను పారబోయవలెను. విదేశపు పాత సీసాల మూతిపై సీసపు రేకు తొడుగుండెడిది. ఆ సీసము కాలము గడిచినను విరిగిపోవునది కాదు గనుక, అట్టి సీసా మూతిని తుడువక వంచరాదు. ఇవేవియు లేకున్నను బాలింత విషయము వేరు. అరిష్టములో నూటికి 5 మొదలు 10 పాళ్ల వరకు స్వయముగా పుట్టిన మద్యసారముండును. చంటిబిడ్డ తల్లికి అది ఎంత పోయవలెనో, అసలు పోయవలెనో లేదో వైద్యుడు చెప్పవలసినదే. తేదియే తెలియని మందునకు శార్ఙ్గధరుని వాక్యము పూచీ కాజాలదు.

ముసలమ్మ కొంతసేపు మాటాడలేదు. పిదప సీసాను చీరచెంగుతో తుడిచి, “డాక్టరమ్మను అడిగి కొత్తది తెప్పిస్తాలే. ఆయన తెచ్చింది మాత్రం అటకమీదే ఉండనీ” అనెను.

ఆ తీర్పునకు మేము చేర్చవలసినది ఏమియు లేకపోయెను.