తోటలోని కలప కట్టడం: వాన కంటే నిలిచిన తడితోనే ముప్పు

కర్ణాటకలోని శ్రీరంగపట్నంలో కావేరీ తీరాన దరియా దౌలత్ బాగ్ అనే తోట ఉంది. దాని నడుమ టిప్పు సుల్తాన్ 1784లో కట్టించిన వేసవి విడిది నేటికీ నిలిచి ఉంది. ఆ భవనంలో అధిక భాగం టేకు కలపే. అటు నైరుతి, ఇటు ఈశాన్య రుతుపవనాల వానలు పడే చోట, నది పక్కన, చెట్ల మధ్య ఒక కలప కట్టడం 240 ఏళ్లు నిలవడం చిన్న విషయం కాదు. ప్రస్తుతం ఇది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది.

ఇక్కడికి వచ్చే సందర్శకుల చూపు ముందుగా పడమటి గోడపై ఉన్న పొల్లిలూరు యుద్ధ చిత్రం మీదికి వెళుతుంది. 1780లో కాంచీపురం సమీపాన హైదర్ అలీ, టిప్పు సేనలు కల్నల్ బెయిలీ దళాన్ని ఓడించిన ఘట్టమది. అయితే ఈ కట్టడం ఇంతకాలం ఎలా మన్నిందో గ్రహించాలంటే బొమ్మల నుంచి దృష్టి మరల్చి అడుగు భాగాన్ని చూడాలి. భవనమంతా నేల నుంచి సుమారు మీటరున్నర ఎత్తున ఉన్న అరుగుపై ఉంది. అరుగు అంచుల వెంట నాలుగు వైపులా స్తంభాలతో కూడిన వసారాలు ఉన్నాయి. వసారాల వెలుపల ఎండను అడ్డుకునే ఆకుపచ్చ తెరలు దించి ఉంటాయి. నేల తడి పైకి ఎగబాకకుండా అరుగు, వానజల్లు గోడను తాకకుండా వసారా, ఎండ నేరుగా పడకుండా తెర పనిచేస్తున్నాయి. రంగు, నూనె, వార్నిష్ వంటివి వీటి తరువాతి వరుసలోనివి. గోడలపై ఉన్న రంగుల సంగతే చూస్తే, 1850ల్లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆదేశంపై ఆ చిత్రాలను మళ్లీ గీయించవలసి వచ్చింది.

తోటల్లో, పొలాల్లో, మామిడి తోపుల్లో కలపతో చిన్న కుటీరాలు, మండపాలు, పనిముట్ల గదులు కట్టుకునే అలవాటు తెలుగు రాష్ట్రాల్లోనూ పెరుగుతోంది. వీటి యజమానులు చాలామంది సంరక్షణ అంటే ఏటా ఒక పూత వేయించడమే అనుకుంటారు. పూత కింద ఏం జరుగుతోందో చూడరు. పైకి నిగనిగలాడే స్తంభం లోపల చివికిపోయి, తుపాను గాలికి మొదలంటా విరిగినప్పుడు గాని అసలు సంగతి బయటపడదు.

కలప నీటికి తడిసినంత మాత్రాన కుళ్లదు. తడిసి ఆరితే దానికి పెద్దగా నష్టం లేదు. కుళ్లు పుట్టించేవి శిలీంధ్రాలు. కలపలోని తేమ దాని పొడి బరువులో సుమారు 20 శాతం లోపు ఉన్నంతకాలం అవి పెరగలేవు. తడి రోజుల తరబడి వీడక ఆ హద్దు దాటినప్పుడే చేటు మొదలవుతుంది. కాబట్టి ఎక్కడ తడుస్తోంది అన్న ప్రశ్న కంటే ఎక్కడ ఆరడం లేదు అన్న ప్రశ్నే ముఖ్యం.

స్తంభం అడుగే ఆయువుపట్టు

ఆరని చోట్లలో మొదటిది స్తంభం పాదం. చెట్టు బతికి ఉండగా వేరు నుంచి ఆకుకు నీరు మోసిన సన్నని నాళాలు కోసిన కలపలోనూ అలాగే ఉంటాయి. అందువల్ల కొయ్య పక్క భాగం కంటే అడ్డంగా కోసిన కొస ఎన్నో రెట్లు వేగంగా నీటిని పీల్చుకుంటుంది. స్తంభాన్ని నేరుగా మట్టిలో పాతితే ఆ కొస ఏడాది పొడవునా తడిలో ఉంటుంది. కాంక్రీటులో పాతడం భద్రమని కొందరు భావిస్తారు గాని, అదీ మేలు చేయదు. కలప ఎండినప్పుడు కుంచించుకుని చుట్టూ సన్నని సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి దిగిన వాననీరు గిన్నెలో నిలిచినట్లు నిలిచిపోతుంది.

సరైన మార్గం పాతకాలపు వడ్రంగులకు తెలిసినదే. రాతి దిమ్మె మీద స్తంభాన్ని నిలపడం మన పల్లెల్లోని పాత మండువా ఇళ్లలో నేటికీ కనిపిస్తుంది. కొత్తగా కట్టేవారు కాంక్రీటు దిమ్మెలో ఇనుప పాదం బిగించి, దిమ్మెకూ కొయ్యకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండేలా స్తంభాన్ని నిలిపితే సరిపోతుంది. దిమ్మె పైభాగం వెలుపలికి వాలుగా ఉండాలి. ఇనుప పాదానికి జింకు పూత తప్పనిసరి.

తోటలో మరో చిక్కు ఉంది. కట్టడం కట్టినప్పుడు అడుగు ఎత్తున ఉన్న దిమ్మె, నాలుగేళ్లు గడిచేసరికి మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. ఎండుటాకులు పేరుకుంటాయి, పూలమొక్కలకు ఎరువు పోస్తారు, పాదులు తీస్తారు. నేల మట్టం తెలియకుండానే పెరుగుతుంది. పచ్చికకు నీరు చిమ్మే గొట్టం రోజూ గోడను తడుపుతూనే ఉంటుంది. వానాకాలంలో పడని దెబ్బ వేసవిలో ఈ గొట్టం వల్ల పడటం అరుదేమీ కాదు. కుటీరం మీదికి మల్లెతీగనో బోగన్‌విల్లానో పాకించడం కంటికి ఇంపుగానే ఉంటుంది, కాని ఆ ఆకుల చాటున గోడ ఆరదు. తీగ కావాలనుకునేవారు గోడకు జానెడు దూరంలో విడిగా పందిరి వేసుకోవాలి.

పరీక్ష సులువు. వేసవి చివర, వానలకు ముందు, ప్రతి స్తంభం అడుగునూ దూలాల అతుకులనూ పదునైన దబ్బనంతో గాని స్క్రూడ్రైవర్ మొనతో గాని గుచ్చి చూడాలి. గట్టి కర్ర మొనను ఆపుతుంది. కుళ్లిన కర్రలో అది వెన్నలో దిగినట్లు దిగుతుంది. సుత్తితో తట్టినప్పుడు గణగణ మోగకుండా బొదబొదమన్నా అనుమానించాలి. కుళ్లు స్తంభం అడుగుకే పరిమితమైతే స్తంభమంతా మార్చనక్కర్లేదు. పైభాగానికి ఊతకర్రలు పెట్టి, కుళ్లిన చోటికి పైన గట్టి కర్ర కనిపించే దాకా కోసి, అదే జాతి కలప ముక్కను ఏటవాలు అతుకుతో బిగించవచ్చు. రాతి దిమ్మెనే ఆ మేరకు పైకి పెంచవచ్చు కూడా. కుళ్లిన భాగాన్ని లప్పంతో పూడ్చి రంగు వేయడం మాత్రం రోగాన్ని దాచడమే.

చూరు, గాలి, ఎండ

చూరు ఎంత ముందుకు వస్తే గోడ అంత పొడిగా ఉంటుంది. చిన్న కుటీరానికైనా రెండడుగుల చూరు ఉండటం మంచిది. ఖర్చు తగ్గించుకునేందుకు చూరును కురచ చేసి, ఆ డబ్బుతో ఖరీదైన పూత కొనడం తలకిందుల లెక్క. వానలు మొదలు కాకముందే చూరు కాలువల్లోని ఆకులు తీసివేయాలి. జల్లు కొట్టే వైపు ప్లాస్టిక్ పట్టాను బిగుతుగా చుట్టేస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ వెనుక నుంచి నానుతుంది. పట్టా కట్టవలసి వస్తే గోడకు ఎడంగా, కింద తెరిచి ఉండేలా కట్టాలి.

ఎండ చేసే హాని వేరు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కలప పైపొరలోని లిగ్నిన్ అనే బంధక పదార్థాన్ని విడగొడతాయి. కొత్త టేకు కొన్ని నెలల్లోనే బూడిదరంగుకు తిరగడానికి కారణం ఇదే. బలం విషయంలో దీనితో భయం లేదు. మార్పు పైపొరకే పరిమితం. అసలు సమస్య పారదర్శక వార్నిష్‌తో వస్తుంది. కాంతి ఆ పొరగుండా దూరి కింది కర్రను దెబ్బతీస్తుంది. పట్టు కోల్పోయిన వార్నిష్ పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చుల కింద నీరు చేరుతుంది. ఆరుబయటి కట్టడానికి రంగు కణాలు కలిసిన, కర్రలోకి ఇంకే పూత ఎక్కువ కాలం మన్నుతుంది. అది వెలిసిపోతుందే తప్ప పెచ్చులూడదు. ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది మళ్లీ పూస్తే చాలు. కర్ర బాగా ఎండిన మార్చి, ఏప్రిల్ నెలలు ఈ పనికి అనుకూలం. అయితే మిట్టమధ్యాహ్నపు ఎండలో కాకుండా ఉదయం పూట పూయాలి. గోడకు ఒక చేయి వేస్తే, కోసిన కొసలకు మూడు చేతులు వేయాలి.

అవిసె నూనె వాడేవారు ఒక జాగ్రత్త మరువరాదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. గుడ్డలను విడివిడిగా పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి ఉంచాలి.

చెదలు, పుచ్చు

మన నేలల్లో శిలీంధ్రం కంటే ముందే వచ్చే శత్రువు చెద. నేలలో పుట్ట పెట్టుకునే చెదలు వెలుతురుకు జంకి మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి పాకుతాయి. దిమ్మె చుట్టూ నేల శుభ్రంగా, కంటికి కనిపించేలా ఉంటే ఆ గొట్టాలు తొలిరోజుల్లోనే దొరుకుతాయి. గొట్టాన్ని చెరిపేసి ఊరుకుంటే అవి మరో దారి వెతుక్కుంటాయి. అందుకే మూలాన్ని పట్టాలి. భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 6313 చెదల నివారణకు సంబంధించినది. ఇందులో మొదటి భాగం మందుల గురించి కాక నిర్మాణంలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి చెప్పడం గమనార్హం. ఇప్పటికే ఉన్న కట్టడాలకు చేసే మందు చికిత్స మూడో భాగంలో ఉంది. బావి, చేపల చెరువు దగ్గర్లో ఉంటే ఆ పని శిక్షణ పొందినవారికే అప్పగించాలి. వాడేసిన ఇంజిన్ నూనెను కర్రకు పూయడం పల్లెల్లో ఇంకా ఉంది. అది మట్టిని, నీటిని పాడుచేస్తుంది; కూరగాయల మడి పక్కన అసలే తగదు.

కలప ఎంపికలో చేవను చూడాలి. టేకులో చెదను నిలువరించే గుణం నడుమనున్న చేవకే ఉంది. వెలుపలి తెల్ల కర్రకు ఆ శక్తి లేదు. టేకు అన్న పేరుతో అమ్మే లేత దుంగల్లో తెల్ల కర్ర పాలే ఎక్కువగా ఉంటుంది. అటువంటి కర్రకు పిండిలా పొడి రాల్చే పుచ్చు పురుగు కూడా తొందరగా పడుతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం దీనికి పనిచేస్తుంది గాని, వానకు కరిగిపోతుంది కనుక కప్పు కింది కర్రలకే ఉపయోగం.

ఈ రంగంలో తెలుగువారికి పరిచితంగా వినిపించే పేరు ఒకటుంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలతో ఒక కలప సంరక్షక మిశ్రమాన్ని కనుగొన్నారు. దానిని ఒత్తిడితో కర్ర లోపలికి ఎక్కిస్తారు. విద్యుత్ స్తంభాల నుంచి తోట కంచెల దాకా అది ప్రపంచమంతటా వ్యాపించింది. ఆర్సెనిక్ మట్టిలోకి దిగుతుందన్న ఆందోళనతో తరువాతి కాలంలో అనేక దేశాలు ఇళ్ల దగ్గర దీని వాడకాన్ని కట్టడి చేశాయి. పచ్చని ఛాయ గల పాత శుద్ధి కర్రలు దొరికితే వాటిని పొయ్యిలో పెట్టరాదు, ఆ బూడిదను మొక్కలకు వేయరాదు.

ఏర్పాట్లన్నీ సరిగా కుదిరాయో లేదో తేల్చేది తొలకరి వానే. వాన కురుస్తుండగా గొడుగు పట్టుకుని కట్టడం చుట్టూ ఒకసారి తిరిగితే చూరు నీరు ఎక్కడ పడుతోందో, ఏ దిమ్మె వద్ద తిరిగి స్తంభం మీదికి చిందుతోందో కనిపిస్తుంది. వాన వెలిసిన రెండో రోజు కూడా నల్లగా ఉన్న చోటును సుద్దముక్కతో గుర్తుపెట్టి, మరమ్మతు అక్కడి నుంచి మొదలుపెట్టాలి.