పడవలో పక్క

మా పిన్ని కొడుకు సియాటిల్‌లో ఒక పాత సెయిల్‌బోట్ కొన్నాడు. 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ, వాడికంటే వయసులో పెద్దది. వారాంతాల్లో దీవుల మధ్య తిరిగి, రాత్రి ఏదో ఒక ఒడ్డు దగ్గర లంగరు వేసి, లోపలి కేబిన్‌లోనే పడుకోవాలని వాడి కోరిక. ఫోటోలు పంపినాడు. బూజు పట్టిన ఫోమ్ పరుపులు, ఉబ్బిపోయిన ప్లైవుడ్, నిలబడితే తలకు తగిలే కప్పు. పీకి పారేసి కొత్తగా కట్టుకుంటానన్నాడు. మొదటి రాత్రి గడిచాక ఫోన్ చేసినాడు.

"అన్నా, పరుపు కింద అంతా చెమ్మ. పైనుంచి కారలేదు, అడుగునుంచి ఊరలేదు. మరి యాడినుంచి వచ్చినాయి ఈ నీళ్ళు?"

ఆ నీళ్ళు వాడి ఊపిరివే. మూసిన చిన్న గదిలో మనిషి పడుకుంటే, వదిలిన గాలిలోని తేమ చల్లటి గోడ తగలగానే నీరవుతుంది. పడవ గోడకు అవతల చల్లటి సముద్రం. పరుపు పైభాగం ఒంటి వేడికి వెచ్చగా ఉంటుంది, అడుగు మాత్రం చల్లటి పలకకు అతుక్కుని ఉంటుంది. రాత్రంతా తేమ అక్కడికే చేరుతుంది. పడవ లోపలి గదిని రాత్రి నిద్రకు తగ్గట్టు చేసుకోవడమంటే రంగులూ కర్టెన్లూ తర్వాతి మాట. ముందు గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చూసుకోవాలి.

మా నాయనకు ఈ సంగతి చెబితే నవ్వినాడు. "మనకూ పడవలకూ ఏం సంబంధం రా? చిత్తూరోళ్ళకు చెరువు నిండితే చాలు" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. తర్వాత కొన్నాళ్ళు ఆ మాట వెంటబడి తిరిగాను.

*

తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్ళకు పడవంటే తెప్పోత్సవమే. ఫాల్గుణ మాసంలో తిరుమల పుష్కరిణిలో ఐదు రోజులు జరుగుతుంది. మొదటి రోజు సీతారామలక్ష్మణులు, రెండో రోజు రుక్మిణీ కృష్ణులు, మిగిలిన మూడు రోజులు శ్రీదేవి భూదేవి సమేతంగా మలయప్ప స్వామి తెప్ప మీద విహరిస్తారు. కానీ తెప్ప మీద ఎవరూ నిద్రపోరు. స్వామి పవళింపు శయన మండపంలో, ఏకాంత సేవలో. ఆయనకు పడవ వేరు, పక్క వేరు.

మరి మనుషుల సంగతి? 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాల విభజన జరిగినప్పుడు ఒక చిత్రం జరిగింది. అంతదాకా కొండలూ చెరువులే తప్ప సముద్రం ఎరుగని తిరుపతికి ఒక్కసారిగా తీరం వచ్చింది. నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట, పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు భాగం, దుగరాజపట్నం కొత్త తిరుపతి జిల్లాలో చేరాయి. గీత మారింది కాబట్టి ఆ తీరం చరిత్ర కూడా మనదేనని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే మాత్రం అందులోని అప్పులు కూడా మనవే అవుతాయి.

దుగరాజపట్నాన్ని ఇంగ్లీషు వాళ్ళు ఆర్మగాన్ అన్నారు. 1620ల్లో ఈస్టిండియా కంపెనీ అక్కడ కొఠీ పెట్టుకుంది. తనకు సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరునే ఊరికి పెట్టుకుందంటారు. కోరమాండల్ తీరంలో కంపెనీ కోట కట్టుకున్న మొదటి చోటు అదే. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మద్రాసపట్నం స్థలం సంపాదించాడు. మరుసటి ఏడు కంపెనీ వాళ్ళు సామానంతా ఓడల కెక్కించుకుని అక్కడికి మారిపోయారు. మద్రాసు నగరం ఒక రకంగా మన వాకాడు మండలం నుంచి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిన ఊరు.

ఆ మద్రాసుకు, ఈ తీరానికి మధ్య తర్వాత ఒక నీటి దారి పడింది. అదే బకింగ్‌హాం కాలువ.

*

1801లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఉప్పునీటి కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. అది పులికాట్ దాకా పెరిగింది. 1837లో ప్రభుత్వం తీసుకుంది. ఆ తర్వాత ముక్క ముక్కగా ఉత్తరానికి సాగి, ఇప్పటి బాపట్ల జిల్లాలోని పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. దక్షిణాన మరక్కాణం దాకా పోయింది. మొత్తం సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 ఆంధ్ర వైపే.

మద్రాసు నగరం నడిబొడ్డున అడయారు, కూవం నదులను కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్క మాత్రం మిగిలిపోయింది. దాన్ని 1877–78లో తవ్వారు. ఆ ఏళ్ళు గుర్తుపట్టారా? ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు, అప్పట్లో చిత్తూరు కలిసివున్న ఉత్తర ఆర్కాటు, అన్నీ ఎండిపోయిన కాలం. బతకడానికి జనం మద్రాసు వైపు నడిచారు. ఆ జనం చేత కరువు పనిగా తవ్వించిన కాలువ అది. 1877 మొదట్లో మద్రాసు రాజధానిలో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కకట్టాడు. పౌను అంటే అర కిలో కూడా లేదు. గొడవ అయ్యాక కూలి పెంచారు. కాలువకు పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు గారిది.

ఈ కాలువలో ఉప్పు పోయింది, నెల్లూరు బియ్యం పోయింది, శ్రీహరికోట అడవి కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి పోయాయి. అడుగు చదునుగా ఉండే పడవలు. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి లేకుంటే గడ వేసి నెట్టేవాళ్ళు. అదీ కుదరకపోతే మనుషులు గట్టు మీదికి దిగి, తాడు భుజాన వేసుకుని పడవను లాక్కుంటూ నడిచేవాళ్ళు. అటుపోట్లతో నీటి మట్టం మారుతుంది కాబట్టి దారిలో లాకులు. ఆ వేగానికి ఎంత దగ్గరి ప్రయాణమైనా పడవలో ఒక రాత్రి గడవక తప్పదు.

ఇక్కడే నాకు మావాడి కేబిన్ గుర్తొచ్చింది. కాలువ పడవలో కేబిన్ అంటే మన భాషలో గూడు. గూటిపడవ అని గోదావరి వైపు వాడుక. వెదురుబద్దలు వంచి, పైన తాటాకో చాపో కప్పితే చాలు, ఎండా వానా ఆగుతాయి. రెండు కొసలూ తెరిచి ఉంటాయి కాబట్టి గాలి ఇటునుంచి అటు పోతుంది. మావాడి చెమ్మ బాధ ఆ గూటికి లేదు. దానికి వేరే బాధలు, దోమలు, సరుకు వాసన, పక్కన పడుకున్నవాడి మోచెయ్యి. చాపా దుప్పటీ ఎవరివి వాళ్ళు తెచ్చుకునేవి.

గూట్లో మనిషి నిద్రపోతున్నాడంటే పడవ ఆగిందని కాదు. గట్టు మీద చీకట్లో ఇంకొకడు తాడు లాగుతూ నడుస్తున్నాడు. వెనక చుక్కాని దగ్గర మరొకడు మేలుకుని ఉన్నాడు. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' చదివినవాళ్ళకు ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు. అది గోదావరి కాలువల పడవ. అక్కడ ప్రయాణికుడైన కథకుడు ఆ రాత్రంతా వినేది నిద్రలేని మనుషుల బతుకే. పడవలో పక్క అందరికీ ఒకటే కాదని ఆ కథ ఎక్కడా పనిగట్టుకుని చెప్పదు. చదివేవాడికే తెలిసిపోతుంది.

1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలు దారి పూర్తయింది. ప్రయాణికులు రైలెక్కేశారు. సరుకు ఇంకో అరవై డెబ్భై ఏళ్ళు కాలువలోనే నడిచింది. 1965–66, 1976 తుపానులతో కాలువ చాలా చోట్ల పూడిపోయింది. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో భాగమన్నారు. సూళ్లూరుపేట వైపు వెళ్ళి చూస్తే మాత్రం ఆ మాట నమ్మబుద్ధి కాదు.

*

సరే, లాగేవాడే లేకుండా ఒక్కడే పడవలో ఉంటే? నిద్రపోయేవాడు, మేలుకునేవాడు ఒక్కడే అయితే?

ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టొచ్చిన మొదటి నావికుడు జాషువా స్లోకం కథ అదే. 1892లో అమెరికాలోని ఫెయిర్‌హేవెన్‌లో, పొలంలో గుడ్డ కప్పి పడేసిన ఒక శిథిల పడవను ఒక ముసలి కెప్టెన్ ఆయనకు ఊరికే ఇచ్చేశాడు. పేరు స్ప్రే. స్లోకం పదమూడు నెలలు కూర్చుని ఒక్కో చెక్కా మార్చాడు. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లని పైసలతో సహా రాసుకున్నాడు. పొడవు 37 అడుగులకు కాస్త తక్కువ. డెక్ మీద రెండు గదులు లేపాడు. ఒకటి ఆరడుగుల చదరం, వంటకు. ఇంకొకటి పది అడుగులకు పన్నెండు, తనకు. అవి డెక్ పైకి మూడడుగులే కనిపిస్తాయి, నిలబడే ఎత్తు కోసం మిగతాది లోపలికి దించాడు. డెక్ కింద పక్కల మిగిలిన చోటులో పడుకోవడానికి ఒక బెర్త్, చిన్న సామాన్లకు అరలు, మందుల పెట్టెకు ఒక స్థలం.

1895 ఏప్రిల్‌లో బోస్టన్ నుంచి బయల్దేరి 1898 జూన్‌లో తిరిగొచ్చాడు. మరి నిద్ర? చుక్కానిని కట్టేస్తే స్ప్రే తనంతట తానే దారి తప్పకుండా పోయేది. ఆస్ట్రేలియా దగ్గరి థర్స్‌డే దీవి నుంచి కీలింగ్ దీవుల దాకా 23 రోజులు. అన్ని రోజుల్లో చుక్కాని పట్టుకున్నది మూడు గంటలకు మించలేదట. గట్టు మీది తాడు మనిషి చేసే పనిని ఆయన పడవకే అప్పగించాడు.

మావాడికి ఈ సంగతి చెబితే వాడికి నచ్చింది నిద్ర కాదు, బెర్త్. "అన్నా, వెడల్పు ఎంత?" అని అడిగినాడు. పడవ పనిలో తెలియనివాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇదే. ఇంట్లోలాగా విశాలమైన పక్క కావాలనుకుంటారు. లంగరు వేసి ఉన్నప్పుడు అది బాగానే ఉంటుంది. సముద్రం మీద పోతున్నప్పుడు పడవ ఒక పక్కకు ఒరిగి ఊగుతుంది, వెడల్పాటి పరుపు మీద మనిషి రాత్రంతా దొర్లుతూనే ఉంటాడు. అక్కడ రెండడుగుల ఇరుకు పక్కే సుఖం. దొర్లి కింద పడకుండా పక్కన ఒక గుడ్డ పైకి లాగి కడతారు, మన పసిపిల్లల ఊయల అంచులాగా. పక్క ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. ముక్కు భాగంలో ఉండే త్రికోణం పరుపు ఫోటోల్లో అందంగా ఉంటుంది కానీ అలలకు ఎక్కువగా ఎగిరిపడేది అదే. పడవ మధ్యలో, కింద ఉన్న పక్క తక్కువ కదులుతుంది.

గాలి సంగతికి కూడా ఒక చరిత్ర ఉంది. 1929లో ఓలిన్ స్టీఫెన్స్ గీసిన డొరేడ్ అనే పడవ పేరు మీద ఇప్పటికీ ఒక గాలిపెట్టె ఉంది. గొట్టం లోంచి గాలితో పాటు అల నీళ్ళు కూడా పెట్టెలోకి వస్తాయి. నీళ్ళు పెట్టె అడుగు రంధ్రాల్లోంచి డెక్ మీదికే పోతాయి, గాలి మాత్రం ఎత్తులో ఉన్న రెండో గొట్టం గుండా లోపలికి దిగుతుంది. తలుపులన్నీ మూసిన తుపాను రాత్రి కూడా లోపల పడుకున్నవాళ్ళకు ఊపిరి అందుతుంది.

*

ఒక్కరే కాకుండా ఆరుగురు ఉంటే నిద్రను పంచుకోవాలి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి బయల్దేరింది. 17 మీటర్ల తెరచాప పడవ, ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు. వాళ్ళలో ఇద్దరు తెలుగువాళ్ళు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. వర్తికా జోషి నాయకత్వంలో సుమారు 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి 2018 మే 21న గోవా చేరారు. పసిఫిక్‌లో తుపాను చూశారు, చుక్కాని యంత్రం చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. 2024 అక్టోబరులో అదే పడవ మీద దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులే వెళ్ళి 2025 మేలో తిరిగొచ్చారు. ఇద్దరే కాబట్టి లెక్క సులువు. ఒకరు నిద్రపోతే ఇంకొకరు మేలుకోవాలి. ఇక్కడ తాడు లాగేవాళ్ళు, గూట్లో పడుకునేవాళ్ళు అని రెండు జాతులు లేవు. వంతు మారుతుంది.

*

పోయిన చలికాలం తడ దగ్గర భీమునివారిపాలెం రేవుకు వెళ్ళాను. అక్కడినుంచి ఇరకం దీవికి పడవలోనే పోవాలి. సరస్సు మీద అక్కడక్కడా తెరచాపలు, దూరంగా ఫ్లెమింగోలు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అడిగాను.

"తాతా, రాత్రి ఏటకు పోతే పడవలోనే పడుకుంటారా?"

"పడుకుంటాం నాయనా. అందరూ కాదు, ఒకడు పడుకుంటే ఒకడు కాస్తాడు. కిందికి ఊరే నీళ్ళు తోడాల గదా."

"పరుపేమన్నా వేసుకుంటారా?"

ఆయన నావైపు వింతగా చూసినాడు. "వల మీదే" అన్నాడు.

పొడి వల కుప్ప మీద పడుకుంటే కింద గాలి ఆడుతుంది, చెక్క ఒంటికి తగలదు, ఊరిన నీళ్ళు అంటవు. మావాడు వేల మైళ్ళ అవతల నెలల తరబడి కుస్తీ పడుతున్న లెక్క అది. ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పినాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జేజి నవారు మంచం గుర్తుందా అన్నా?" అన్నాడు.

రెండు వారాలకు ఫోటో వచ్చింది. బెర్త్ కింది ప్లైవుడ్ కోసేసి, చట్రానికి అడ్డంగా నిలువుగా పట్టీలు అల్లినాడు, అచ్చం నవారు మంచమే. దాని మీద పలుచటి పరుపు. వెడల్పు రెండడుగులు. చెమ్మ తగ్గిందన్నాడు, పూర్తిగా పోలేదు. ఇంకో గాలిపెట్టె పెట్టాలంట.

"పైనెవరు కాస్తారు?" అని అడిగినాను.

"లంగరేసినాక ఎవురూ కాయరన్నా. లంగరు జారితే ఫోనులో అలారం మోగుతుంది" అన్నాడు. ఆగి, "మోగుతుందేమోనని రాత్రంతా నాకు నిద్ర పట్టదు, అది వేరే సంగతి" అని నవ్వినాడు.