గోడలో దాగిన తుప్పు

జొన్నాడ రేవున నిలిచి ఎగువకు చూచినచో గౌతమి ధవళేశ్వరము వైపునుండి వచ్చుచుండును. ఆ ధవళేశ్వరమునకు మరికొంత ఎగువన, రాజమహేంద్రవరము చెంత, మన ప్రాంతపు ఇనుము చరిత్ర నదిమీదనే నిలిచియున్నది. 1897లో ఆరంభించి 1900లో ముగించిన హేవలాకు వంతెన అది. 56 ఖానాలు, ఖానా ఒక్కింటికి నూటయేబది అడుగులు. వరదగాలికి, వానకు, ఎండకు ఒడలొగ్గి ఆ ఉక్కు గర్డర్లు 1997 వరకు రైళ్లను మోసినవి.

అదే జాతి ఉక్కు ఇంటి కప్పు క్రింద, నీడలో, అందులో సగము కాలమైనను నిలువక చివికిపోవుట చూచుచున్నాము. దీనికి కారణమేమి?

కట్టడములలో ఇనుము ప్రవేశించినది అగ్నిభయము వలన. ఇంగ్లండులోని ష్రూస్‌బరీ వద్ద 1797లో ఒక నారమిల్లును పోత ఇనుప స్తంభములతో, దూలములతో నిర్మించినారు. దూలమునకు దూలమునకు నడుమ ఇటుక కమానులు వేసి, కొయ్య లేకుండ అంతస్తులు లేపినారు. 1856లో బెస్సెమరు పద్ధతి వెలువడిన పిదప ఉక్కు చౌకయైనది. ఇంగ్లీషు ‘ఐ’ అక్షరమువలె పైన నొక పట్టె, క్రింద నొక పట్టె, నడుమ నిలువు రేకు గల దూలములు ఓడలలో మన రేవులకు దిగినవి. 1912లో టాటావారి కర్మాగారమున ఉక్కు తీయుట మొదలైనది.

మన మండువా లోగిళ్లకు టేకు దూలములే ఆధారము. కొయ్య చెడినచో పొట్టు రాలును, చెదపుట్ట కనిపించును. ఇల్లాలు చీపురు పట్టిన నాడే సంగతి బయటపడును. మిద్దెలకు, గిడ్డంగులకు వచ్చిన ఇనుప దూలము అట్లు చెప్పదు. దాని కొనలు గోడలో పూడియుండును. పైకప్పున చిన్న బీట పడినచో నీరు దూలము వెంబడి జారి ఆ కొనయొద్దనే చేరును. అక్కడ గాలి ఆడదు, తడి ఆరదు. సముద్రపు ఉప్పు కలిసెనా, ఇక చెప్పనక్కరలేదు. సున్నము పొడిగా నున్నంతకాలము ఇనుమును కాపాడును గాని, ఏండ్ల తరబడి నానిన సున్నమునకు ఆ శక్తి యుండదు. తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎన్నో రెట్లు ఉబ్బును. ఆ ఉబ్బు గోడనే పైకెత్తును. దూలము క్రింద అడ్డముగా సాగిన నెర్రె దాని మొదటి జాబు. మనము దానిపై సున్నము పూసి పండుగకు సిద్ధమగుదుము!

వంతెన మేలు ఇక్కడనే యున్నది. అది దాగలేదు. మనిషి ఎక్కి చూడగలడు, గీకగలడు, రంగు వేయగలడు. రైల్వేవారికి ఆ పని ఒక నియమము. ఇంటివారికి నియమమేది?

కెనడాలోని ఎలియట్ లేక్ అను ఊర, 1980లో తెరచిన ఒక అంగళ్ల భవనమునకు పైకప్పుమీదనే బండ్లు నిలుపు ఏర్పాటు చేసినారు. కప్పు తొలినాటినుండియు కారుచునే యున్నది. మంచు కరుగుటకై చల్లిన ఉప్పు నీటితో దిగి, ఒక దూలము స్తంభముతో కలియు అతుకును ముప్పది ఏండ్లు తినినది. 2012 జూన్ 23న ఆ అతుకు తెగి కప్పు కూలినది. ఇద్దరు స్త్రీలు మరణించినారు. కొన్ని వారముల ముందే ఆ భవనమును ఒక ఇంజనీరు చూచి బాగున్నదనెను. కారుట అందరికిని తెలిసినదే. బకెట్లు పెట్టి పట్టినారు.

దూలము మధ్య బాగున్నదని కొనను ఉపేక్షింపరాదు. మధ్య వంపును ఓర్చునవి పై, క్రింది పట్టెలు. కొనయందు బరువును గోడకు దింపునది నిలువు రేకు. ఆ రేకు పల్చబడినచో తక్కిన దూలమెంత దృఢమైనను ఫలము లేదు.

అట్టి దూలము కనబడిన ఇంటిలో మొదట చేయవలసినది గీకుట కాదు. క్రింద మనుష్యులను తప్పించి, పైబరువు దింపి, గట్టి నేలపై ఆసరాలు నిలుపవలెను. తుప్పు పొరలే కొంత బరువును ఆనియుండవచ్చును. ఆసరా లేక సుత్తితో రాల్చినవాని నెత్తిపైననే కప్పు దిగును. అటుపిమ్మట గోడ తొలిచి కొనను బయటపెట్టి, తుప్పు విడిపించి, మిగిలిన మందమును కొలతపరికరముతో చూడవలెను. కంటితో చూచి చెప్పుట చాలదు. నష్టము స్వల్పమైనచో పలకలు బిగింపవచ్చును. పాత ఇనుము అన్నియు వెల్డింగునకు లొంగవు గనుక, పరీక్షింపక అతుకరాదు, బోల్టులు మేలు. రేకు చిల్లులు పడినచో ప్రక్కన క్రొత్త దూలము నిలుపుటయే దారి. లెక్క ఇంజనీరుదే కావలెను. పూర్వము ఎర్రసీసపు రంగు పూయుచుండిరి. అది విషమని తెలిసినందున నేడు జింకు కలిసిన రంగులు వాడుచున్నారు.

ఇవన్నియు కప్పు కారుట మాన్పిన తరువాతనే. క్రొత్త దూలమును అమర్చునపుడు కొనచుట్టు నాలుగు వ్రేళ్ల సందు విడువుమని మేస్త్రీతో చెప్పవలెను. అతడు అందముగా పూడ్చెదననును. పూడ్చనీయకుడు, దీపము పెట్టి చూచుటకు ఆ సందు అక్కరపడును.